బంద్ నాటి పొటాష్ బస్తా

నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, పుప్పాలగూడ చివర అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిన మా ఎకరంలో అమ్మ వరి వేసేది. నాన్న పోయాక పొలం అమ్మేయమన్నవాళ్లే అందరూ. ఆమె వినలేదు.

ఒక ఏడాది పైరు కింది ఆకులు కొసల నుంచి అంచుల వెంట పసుపెక్కి, మాడిపోసాగాయి. తెగులనుకుని మందు కొట్టించాం. తగ్గలేదు. ఆఫీసుకు సెలవు పెట్టి, ఆ ఆకులు కవర్లో పెట్టుకుని రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వెళ్లాను. అక్కడ ఒక శాస్త్రవేత్త వాటిని తిప్పి చూసి, పొటాష్ లోపంలా ఉందని చెప్పి, మట్టి కూడా తెమ్మన్నారు. పరీక్షలో అదే తేలింది. మేం ఏటా యూరియా ఒక్కటే చల్లుతున్నాం మరి. మాది ఇసుక నేల గనుక పొటాష్ ఒకేసారి వేస్తే నీళ్లతో పోతుందనీ, సగం నాట్లకు ముందు దమ్ములో, సగం పైరు చిరుపొట్ట మీద ఉన్నప్పుడు వేయమనీ ఆవిడ చెప్పారు.

ఆ పంటకు ఆలస్యమైపోయింది. గాలివానకు పైరంతా పడిపోయింది. తూర్పారబడితే తాలే ఎక్కువ.

మరుసటి వానాకాలం మొదటి సగం దమ్ములో వేశాం. రెండో సగానికి అదను వచ్చేసరికి ఎరువుల దుకాణంలో సరుకు లేదు. తీరా వచ్చిన రోజు తెలంగాణ బంద్. మా బస్తా నార్సింగిలోని తన ఇంట్లో దించానని దుకాణదారు ఫోన్ చేశాడు. స్కూటీ మీద వెళ్లి తెస్తుంటే చౌరస్తాలో ఉద్యమకారులు ఆపారు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి అన్నం వండుతున్నారు.

"బంద్ అని తెల్వదా అక్కా?" అన్నాడొక యువకుడు.

"తెలుసు తమ్మీ. నాకూ తెలంగాణ గావాలె. గని వరి పొట్టకొస్తున్నది, అది ఆగదు గద."

అతను బస్తా వైపు చూశాడు. "ఇంజను బంద్ చెయ్యి. నెట్టుకుంట పో."

నెట్టుకుంటూనే వెళ్లాను. ఎత్తు వచ్చిన చోటల్లా బస్తా బరువుకు స్కూటీ వెనక్కి లాగింది. కాసేపు ఆగి, మళ్లీ నెట్టాను. పొలం గట్టున అమ్మ ఎదురుచూస్తోంది. తిన్నావా అని అడిగింది. ముందు చల్లుదామన్నాను. మడిలో నీళ్లు తీసేసి, ఇద్దరం చెరో పక్క నుంచి చల్లుకుంటూ వచ్చాం.

ఆ ఏడు గాలులకు పైరు నిలబడింది. కంకులు గింజ కట్టి బరువుగా వంగాయి. కోతలయ్యాక, ఏటా గడ్డి కొనే పాలవాడు వచ్చాడు. వరి తీసుకున్న పొటాష్ చాలావరకు గడ్డిలోనే ఉంటుందన్న శాస్త్రవేత్త మాట అప్పటికే అమ్మకు చెప్పాను.

"ఈసారి గడ్డి ఇయ్యనయ్యా," అంది అమ్మ. "పొలంలనే దున్నిపిస్తున్న."