ర్యామ్ లేకుండా వెలిగిన కంప్యూటర్

దెయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. రాత్రి పట్టీల చప్పుడు వినిపించిందని ఎవరైనా చెబితే, వెండివా, గిల్టువా అని అడిగే రకం నేను. ఇప్పటికీ అడుగుతాను. కాకపోతే గొంతు కాస్త తగ్గించి.

మా అక్క మొగుడికి అనకాపల్లిలో ఫొటో స్టూడియో ఉంది. అందులో కంప్యూటర్ వయసులో నాకంటే చిన్నదే గానీ, నడక మా తాతది. ఫొటో తెరవమంటే ముందు ఆలోచిస్తుంది, తర్వాత నిద్రపోతుంది. ర్యామ్ పెంచితే కుదురుకుంటుందని సలహా ఇచ్చింది నేనే. ఒక మధ్యాహ్నం కొత్తది తెచ్చి బిగించిందీ నేనే.

ఆన్ చేస్తే తెర నల్లగా ఉంది. లోపల్నుంచి ఒకటే బీప్. ర్యామ్ అందలేదని కంప్యూటర్ ఏడ్చే ఏడుపు అది; ఆ మెమరీ ముక్క లేనిదే తెర వెలగదు. కొత్తది తీసి, పాతదొక్కటే పెట్టాను. బీప్. స్లాట్ మార్చాను. బీప్. పెన్సిల్ రబ్బరుతో అంచులు రుద్ది మళ్లీ పెట్టాను. ఇంకా గట్టిగా బీప్.

"ఏరా బామ్మర్దీ, బాగుసేత్తానని సెప్పి సంపేసినావేటి?" అన్నాడు బావ.

సరిగ్గా అప్పుడే కోటవురట్ల నుంచి పైడమ్మ అనే పెద్దావిడ వచ్చింది. మర్నాడు ఆవిడ భర్త పెద్దకర్మ. దండ వేయడానికి పటం కావాలి. ఫొటో తీద్దామని ఎవరైనా ఫోన్ ఎత్తితే ఆయన మొహం తిప్పేసే మనిషట. ఎప్పుడో ఒక్కసారి పాస్‌పోర్టు సైజు ఫొటో దిగింది మా బావ దగ్గరే. ఇంట్లో కాపీ లేదు. ఉన్నదల్లా ఈ కంప్యూటర్‌లోనే.

"రేపటికి పటం నేకపోతే దండ ఎవలికెయ్యాల బాబూ?" అంటూ ఆవిడ స్టూలు మీద కూలబడింది.

నాకు జోకు రాలేదు. అది అరుదు.

హార్డ్ డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలిద్దామనుకున్నాను. రెండు ర్యాములూ తీసి కౌంటర్ మీద పరిచిన పేపర్‌పై పెట్టి, స్క్రూడ్రైవర్ కోసం వెనక గదిలోకి వెళ్లాను. నేను వచ్చేసరికి బావ ఆగలేక స్విచ్ నొక్కేశాడు. తెర వెలుగుతోంది. పైడమ్మ భర్త ఫొటో తెరిచి ఉంది. ప్రింటర్ అప్పటికే కాగితం కక్కుతోంది.

"సూసేవా! కొత్త రేము పెట్టగానే గుర్రంలా పరిగెడతంది," అన్నాడు బావ.

నేను కౌంటర్ వైపు చూశాను. రెండూ పేపర్ మీదే ఉన్నాయి. కంప్యూటర్ లోపలికి వంగి చూశాను. ఫ్యాన్ తిరుగుతోంది. రెండు స్లాట్లూ ఖాళీ. కళ్లని నమ్మలేక వేలు పెట్టి తడిమాను. ఖాళీ. ఆ వేలు ఎటు పెట్టుకోవాలో తెలియక కాసేపు అలాగే గాల్లో పట్టుకున్నాను. బావ కూడా వంగి చూశాడు. వెంటనే ప్లగ్గు పీకేశాడు.

మా మొహాలు చూసి ఏమైందని పైడమ్మ అడిగింది. చెప్పాను. ఆవిడ ప్రింటై వచ్చిన ఫొటో వైపు తిరిగింది.

"బతికున్నన్నాళ్లూ ఒక్క పనీ వేళకి సెయ్యనేదు మడిసి. ఇప్పుడొచ్చిందేటి తొందర?"

తిట్టి, కొంగుతో ఆయన మొహం తుడిచింది.

ఆవిడ వెళ్లాక ర్యాములు రెండూ బిగిస్తే మామూలుగా ఆన్ అయింది. ఇప్పటికీ పనిచేస్తోంది. బోర్డులోనే విడిగా మెమరీ ఉంటుందేమోనని వెతికాను, ఆ మోడల్‌కి లేదు. తెలిసినవాళ్లని అడిగితే, నువ్వు సరిగ్గా చూసి ఉండవన్నారు. నా వేలు కూడా సరిగ్గా చూడలేదా?

రెండూ తీసేసి ఇంకోసారి స్విచ్ నొక్కి చూద్దామని బావ అప్పుడప్పుడూ అంటాడు. నేను ఒప్పుకోను. బీప్ వస్తే ఆ రోజు ఏం జరిగిందో నాకు ఎప్పటికీ తెలియదు. రాకపోతే, ఇక ఆ స్టూడియోలో అడుగు పెట్టలేను.