పెట్టె మీది అక్షరాలు పైకి చదివించిన బావగారు

పాఠక మహాశయులకు ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు సవినయంగా నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

తేదీ, ఊరు వేయలేదు. నా విద్యార్థి ఎవరైనా ఇలా మొదలుపెడితే మార్కులు కోసేవాణ్ణి. కాని ఈ కబురు పక్కన ఒక తేదీ వేయడానికి చేయి రావడం లేదు. మన్నించండి.

మా వియ్యంకుడు కన్నుమూశారు. ఉదయం వరండాలో తన కుర్చీలో కూర్చుని, సగం కాఫీ తాగి, తల వెనక్కి వాల్చారట. మనుమరాలు ఫోన్ చేసింది. "తాత పోయాడు, తాతగారూ. నేను పక్కనే ఉన్నా. అసలు సఫర్ అవలేదు." నా నోట వచ్చిన మొదటి మాట "హమ్మయ్య". ఫోన్ పెట్టేశాక ఆ మాటకు నేనే ఉలిక్కిపడ్డాను. ఆలోచించిన కొద్దీ, ఆ సందర్భానికి అంతకంటె తగిన మాట లేదనిపించింది. ఎందుకో మీకు చెప్పాలి.

ఆయన నా కుమార్తెకు మామగారు, పశువైద్యుడు. టెక్సస్‌లో జీవితమంతా ఆవులకూ గుర్రాలకూ వైద్యం చేసి, పదవీ విరమణ తరువాత ఊరి బయట కొద్దిపాటి పొలంలో ఇల్లు కట్టుకున్నారు. నేను కుమార్తె ఇంటికి వచ్చిన ప్రతిసారీ కొన్ని వారాలు అక్కడే గడిపేవాణ్ణి. మా ఇద్దరికీ మనుమరాలు ఒక్కతే. ఆమెకు ఆయన "తాత", "నువ్వు". నేను "తాతగారు", "మీరు". ఆ మర్యాద పట్టుబట్టి నేర్పినవాణ్ణి నేనే కనుక అసూయపడే హక్కు నాకు లేదు.

మొదటిసారి వారి భోజనాల బల్ల మీద తుపాకిని చూసినప్పుడు, శాకాహారినైన నేను ఊరుకోలేకపోయాను.

"బతికించే చదువు చదివినవారు, చంపే పని ఎందుకండీ బావగారూ?"

"అడవిపందులు బావగారూ. నా గోంగూర మడి పోతే పోయింది, పక్కాయన మొక్కజొన్నంతా దున్నేస్తున్నాయి. ఎవడో ఒకడు ఆపాలి. ఆపేవాడు వాటికి నొప్పి తెలియకుండా ఆపాలి. నా చదువు అక్కడ పనికొస్తుంది."

చలికాలంలో లైసెన్సు తీసుకుని ఒక జింకను కొట్టేవారు. ఆ మాంసం ఇంట్లో వండుకునేవారు, పక్కింటికీ పంపేవారు. నా పళ్ళెం మాత్రం దూరంగా, వేరే గరిటెతో, ఆయనే వడ్డించేవారు.

క్రమంగా ఆయన చూపు మందగించింది. తుపాకి మనుమరాలి చేతికి వచ్చింది. వాలీబాల్ ఆడి భుజానికి ఆపరేషన్ చేయించుకున్న పిల్ల. పెద్ద తుపాకి వెనక్కి తన్నే తన్నును తట్టుకోలేదు. అందుకని సన్న గొట్టం గల చిన్న తుపాకి ఇచ్చారు. "దెబ్బకి భయపడి కళ్ళు మూసుకుంటే గురి ఎక్కడుంటుందమ్మడూ? చిన్నదే పట్టుకో. కాకపోతే గుండు ఎంచుకోవడంలో పొరపాటు చేయడానికి వీల్లేదు" అన్నారు.

ఒక సాయంత్రం మడి దగ్గర పందుల గుంపు దిగింది. మనుమరాలు అలమరలోంచి ఒక తూటాల పెట్టె లాక్కుని పరుగెత్తబోయింది.

"ఆగు" అన్నారు బావగారు. "పెట్టె తాతగారికివ్వు. పైకి చదువుతారు."

"తాతా, సేమ్ నంబర్! టూ ట్వెంటీ త్రీ. దీన్లో పడుతుంది."

"నంబరు గొట్టానికి సరిపోతే చాలా? ముందు గుండు ఎలాంటిదో తెలియాలి. చదవండి బావగారూ, క్లాసులో చదివినట్టు."

నేను కళ్ళజోడు సవరించుకుని అక్షరం అక్షరం చదివాను. పెట్టె మీద గుంటనక్క బొమ్మ ఉంది. అది చిన్న జంతువులకు ఉద్దేశించిన తేలిక గుండు. పంది భుజం మీది దళసరి తోలుకు తగిలితే పైపైనే చిట్లిపోతుందన్నారాయన. రెండో పెట్టె చదివాను: ఫుల్ మెటల్ జాకెట్. "అది కాగితం మీద గురి నేర్చుకోవడానికి. లోపల విచ్చుకోకుండా సూదిలా దూరి అవతలికి పోతుంది. జంతువు ఎక్కడికో పోయి, మెల్లగా చస్తుంది." మూడోది చదివాను: బాండెడ్ సాఫ్ట్ పాయింట్. సీసం మొన విచ్చుకుంటుంది, పైతొడుగు ఊడిపోదు, బరువు కూడా కాస్త ఎక్కువ. "అదీ పందికైనా జింకకైనా మన తూటా. మన గొట్టంలోంచి సూటిగా పోతుందో లేదో కాగితం మీద చూసే కొన్నాను. దగ్గరగా, పక్కకు తిరిగి నిలబడితేనే కాల్చు. ఆ కంచె స్తంభం దాటి ఉంటే వదిలెయ్."

అప్పటికి మడి ఖాళీ.

"తాతగారూ! మీరు రీడింగ్ ఫినిష్ చేసేలోపు పిగ్స్ అన్నీ వెళ్ళిపోయారు!"

"వెళ్ళిపోయాయి" అని సవరించాను.

"హ్యాపీయా ఇప్పుడు? గ్రామర్ మిగిలింది, గోంగూర పోయింది!"

బావగారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "పోనీలే. గాయంతో పోలేదుగా!"

ఆ నవ్వు వెనక ఉన్నదేమిటో మరునాడు అక్రోటు వంటి పెకాన్ కాయలు ఒలుస్తూ చెప్పారు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో, నంబరు సరిపోయింది కదా అని, గురి నేర్చుకునే తూటాలతోనే జింకను కాల్చారట. తగిలింది, పడలేదు. పొదల్లోకి పోయింది. నెత్తురు చారలు పట్టుకుని చీకటిపడేదాకా వెదికారు. మళ్ళీ తెల్లవారి వెదికారు. దొరకలేదు.

"నేను డాక్టర్ని బావగారూ. ఆ గాయంతో ఎంతసేపు బతుకుతుందో తెలియని అమాయకత్వం నాకు లేదు. మిగతావాళ్ళు మర్చిపోగలరు." మరో కాయ పగలగొట్టి అన్నారు: "ఈ పిల్ల నెత్తిన మాత్రం అలాంటిది పెట్టి పోకూడదు. అదొక్కటే నా భయం."

ఆనాటి నుంచి పెట్టె చదవడం నా ఉద్యోగమైంది. వేట పట్ల నా అభిప్రాయం మారలేదు. ఉచ్చారణలో మాత్రం లోపం రానివ్వలేదు.

కిందటి చలికాలానికి ఆయన గుండె బాగా నీరసించింది. ఒక ఉదయం మనుమరాలు, నేను చదివిన పెట్టెలోంచి తూటాలు తీసుకుని, జింక కోసం కంచె వైపు వెళ్ళింది. మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. ఎండ మెట్ల దాకా పాకింది. తరువాత ఒక్క చప్పుడు. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. రెండో చప్పుడు కోసం ఇద్దరం చెవులు రిక్కించాం. రాలేదు. అయినా ఆయన పట్టు సడలలేదు. ఆ జింక దొరకకుండా పోయిననాడూ చప్పుడు ఒక్కటే కదా!

ఆమె చాలాసేపటికి తిరిగి వచ్చింది. దొరికిందా అని ఆయన అడగలేదు.

"పరుగెత్తిందా?"

"లేదు తాతా. రెండు జంప్స్ చేసి పడిపోయాడు. నువ్వు చెప్పినట్టు వెయిట్ చేసి, దగ్గరికి వెళ్ళి చూశా. కదల్లేదు. ముందు ఇంకా పెద్దవాడు వచ్చాడు, కానీ స్తంభం అవతల. వదిలేశా."

"హమ్మయ్య" అన్నారు బావగారు. అప్పుడు నా చేయి వదిలారు. జింక "పడిపోయాడు" అన్న ఆ వాక్యాన్ని నేను సవరించలేదు.

ఆ తరువాత ఆయన నిద్ర బాగుపడిందని మా వియ్యపురాలు చెప్పారు. జంతువులకు కోరుకున్నదే ఆయనకూ దక్కింది: పరుగు లేదు, పొదలు లేవు, వెదుకులాట లేదు. అందుకే నా నోట ఆ మాట వచ్చింది. దుఃఖం ఉన్నది, లేదనను. దాని మీద ఈ ఊరట చల్లగా పరుచుకుని ఉంది.

కర్మకాండకు వెళ్ళినవాణ్ణి, అది ముగిశాక కూడా అక్కడే ఉన్నాను. ఒక సాయంత్రం పందులు మళ్ళీ వచ్చాయి. మనుమరాలు పెట్టె తీసింది. నా దగ్గరకు తెస్తుందనుకుని కళ్ళజోడు కోసం తడుముకున్నాను. ఆమె వరండాలోకి వెళ్ళి, ఆ ఖాళీ కుర్చీ ఎదుట నిలబడి, ఒక్కొక్క మాటా విడదీసి, పైకి చదవడం మొదలుపెట్టింది. అవతల గోంగూర మడిలో పందులు తవ్వుతూనే ఉన్నాయి. ఆమె తొందరపడలేదు.

కాబట్టి మహాశయులారా, ఈ ఉత్తరాన్ని మనసులో చదువుకుని మడిచిపెట్టకండి. ఎదురుగా ఒక కుర్చీ వేసుకుని, ఒక్క అక్షరమూ మింగకుండా, దయచేసి పైకి చదవండి.