పడుగు ఆరేదాకా

మా అత్త చనిపోయిందని నాకు చెప్పింది మా చిన్నాన్న. ఆదోనిలో నేను పనిచేసే బడి దగ్గరికి వచ్చి, గేటు బయట నిలబడి, "అత్త పోయినాది పాపా, నిన్న పొద్దున" అన్నాడు. ఎమ్మిగనూరులో మా నేతగాళ్ల వీధికంతా అత్త అంటే ఆమె ఒక్కతే. నేను గేటు పట్టుకుని అలాగే చూస్తుంటే, ఎవరో అర్థం కాలేదనుకుని ఇంకో మాట చేర్చాడు. "అదేమ్మా, మీ తమ్మునికి మందిచ్చిన ఆయమ్మ."

ఆమె మా తమ్ముడికి మందు ఇవ్వలేదు. ఈ ఒక్క ముక్క బయటికి చెప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది. చెప్పేసరికి ఆమె లేదు. అందుకే ఆమెను తలుచుకుని తీయని మాటలు రాయడం నావల్ల కావడం లేదు. మా వీధి మీదా మా ఇంటి మీదా కోపంగా ఉంది. అన్నిటికంటే నా మీద.

అత్త మాకు చుట్టం కాదు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది. చిన్న వయసులోనే పెనిమిటి పోతే మగ్గం అమ్మేసి, వీధిలో వాళ్లకు నూలు కండెలు చుట్టిపెడుతూ బతికింది. చదవడం రాయడం ఆయన ఉన్నప్పుడే నేర్పిపోయాడట. మగ్గాల కింద తెగిపడిన పోగులు ఏరుకొచ్చి ఉట్లు అల్లేది, మొలతాళ్లు పేనేది, జడకుచ్చులు కట్టేది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి బొంతలు కుట్టేది. మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా మొదట పడుకున్నది ఆమె కుట్టిన బొంత మీదే. ఇది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఊళ్లో బడి ఉండేది, మా ఆడపిల్లలకే తీరిక ఉండేది కాదు. ఆరేళ్లు నిండితే చాలు, రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు అందించాలి. అత్త ఒకరోజు ఇల్లిల్లూ తిరిగి, "మీ పిల్లోళ్లను రాట్నాలతో సహా నా ఇంటికి పంపండి. పని ఆగితే నన్నడగండి" అని తల్లులతో చెప్పింది. తెల్లగుడ్డ మీద నల్లనూలుతో అక్షరాలు కుట్టి గోడకు కట్టింది. ఏడుగురం ఆ గోడకు ఎదురుగా కూర్చుని నూలు చుట్టేవాళ్లం. కండె నిండినప్పుడల్లా లేచి, ఆమె అడిగిన అక్షరం మీద వేలు పెట్టాలి. తప్పు పెడితే తిట్టేది కాదు, ఎగతాళి చేసేది. "యామే, అది దీని మాదిరి ఉండాదా? రేపు నీ మొగుడనుకోని ఎవుని సెయ్యి పట్టుకుంటావో" అంటే పడి పడి నవ్వేవాళ్లం. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం, "సెయ్యి పని చేస్తా ఉంటే నోరు ఊరికే ఉంటాది గదా, దానికీ ఒక పని పెట్టినా" అని తేల్చేసేది.

వీధికి వైద్యం కూడా ఆమెదే. గోరుచుట్టు వస్తే వేలికి నిమ్మకాయ తొడిగేది. కడుపునొప్పికి వాము, దగ్గుకు మిరియాల కషాయం, పగిలిన మడమలకు ఆముదంలో కరిగించిన మైనం. అయితే తన వైద్యానికి తానే హద్దు పెట్టుకుంది. "నెత్తురు పడినా, బిడ్డకు కండ్లు లోపలికి పోయినా నా దగ్గరికి తేవద్దండి. అది నా చేతిది కాదు, ఆస్పత్రిది" అని ఎన్నిసార్లు చెప్పిందో. వీధిలో విననివాళ్లు లేరు.

కర్నూలు రాజధాని అయిన ఏడు, నాకు పదిహేనేళ్లప్పుడు, మూడేళ్ల మా తమ్ముడికి వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. తెల్లవారగానే అమ్మ వాణ్ణి ఎత్తుకుని అత్త ఇంటికి పోయింది. వెనక నేనూ పోయాను. అత్త వాడి రెప్పలు తెరిచి చూసింది. పొట్ట మీది చర్మం పట్టి వదిలింది. "వదినా, ఇది నా చేతిది కాదు. పొద్దున బస్సుకే ఆదోనికి తీసుకపోండి. దావలో నీళ్లు తాపుతా ఉండండి" అంది. అంతే. ఆకు నూరలేదు, వేరు అరగదీయలేదు.

అప్పటికే మా నాయన మగ్గానికి ఎక్కించే పడుగు నూలు వీధిలో చాపి గంజి పట్టించి ఉన్నాడు. గంజి పట్టిన పడుగును ఆరేదాకా, ఇద్దరు చెరో కొనా పట్టుకుని, పొడవాటి కుంచెతో దువ్వుతూనే ఉండాలి. మధ్యలో వదిలేస్తే పోగులు అంటుకుపోయి మొత్తం పాడవుతుంది. ఆ నూలు సావుకారుది. "ఇంగ గడియసేపు ఉంటే ఆరిపోతాది, మద్యాన్నం బస్సుకు పోదాం" అన్నాడు నాయన. తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని నేను అరుగు మీద కూర్చున్నాను. అత్త వచ్చి పడుగు పక్కన నిలబడింది.

"అన్నా, బిడ్డను నాకియ్యి. నేను తీసుకపోతా."

"ఒక్కదానివి యాడ తిరుగుతావమ్మా ఆస్పత్రిలో? అయిపోవచ్చింది లే."

పొద్దున బస్సు పోయింది. పడుగు చక్కగా ఆరింది. మధ్యాహ్నం బస్సు ఆదోని చేరకముందే, దారిలో, మా తమ్ముడు అమ్మ ఒళ్లో పోయాడు.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు "ఎవురికి సూపిస్తిరి?" అని అడిగారు. "వదినకు సూపిస్తిమి" అంది అమ్మ. అది అబద్ధం కాదు. "ఏం మందిచ్చె?" అని అడిగితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాయన తల వంచుకున్నాడు. నేను అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాను, నోరు తెరవలేదు. మిగతాది వీధే అల్లుకుంది. దినాలు ముగిసేలోపల, ఏ ఆకు నూరిందో ఎంత పోసిందో కూడా చెప్పేవాళ్లు తయారయ్యారు.

మిగతా ఆరుగురు పిల్లలూ రాట్నాలు ఎత్తుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. నేను మాత్రం ఎవరూ చూడకుండా పెరటి దోవన పోయేదాన్ని. సిగ్గులేనిదాన్ని. ఆమె చదువు కావాలి, ఆమె పక్కన నిలబడే ధైర్యం లేదు. ఒకనాడు ఉండబట్టలేక, "అత్తా, జరిగింది అందరికీ చెప్పేస్తా" అన్నాను. ఆమె కుడుతున్న సూది ఆపలేదు.

"చెప్తే ఏమైతాది? పడుగు కోసరం బిడ్డను పోగొట్టుకున్నారంటారు. ఆ మాట ఇంటే మీ అమ్మ బతకదు. నన్నంటే నేను బతుకుతా. పుస్తకం తీయి."

పుస్తకం తీశాను. నేను చేసింది అదే. ఆ చదువుతోనే ప్రైవేటుగా పరీక్ష పాసై, ట్రైనింగ్ ముగించి పంతులమ్మనయ్యాను. ఆమె అన్నట్టే బతికింది, ఎవరూ గడప తొక్కని ఇంట్లో. పోయేముందు వారం రోజులు జ్వరంతో పడి ఉందట. గుక్కెడు కషాయం కాచి ఇచ్చినవాళ్లు లేరు. ఆదోని నుంచి ఒక్క బస్సు దూరం. నాకెవరూ కబురు పెట్టలేదు, నేనూ ఎలా ఉందో కనుక్కోలేదు.

ఇంతవరకూ రాసి, పత్రికకు పంపేముందు ఊరికి పోయాను. నాయన రెండేళ్ల కింద పోయాడు, ఆ సంగతి ఎత్తకుండానే. ఏం రాశానో అమ్మకు చెప్పి, ఇంట్లో కూర్చుని చదవబోతే ఆపింది.

"ఈడ కాదు. అరుగు మీద కూసోని గట్టిగా సదువు. పత్రికలో ఏస్తే ఈ ఈదిలో సదివే ఆడోళ్లు యెవరుండారు?"

నిజమే. చదవగలిగి ఉండాల్సిన ఆ ఆరుగురిలో నలుగురు ఈ వీధిలోనే మెట్టి, వాకిళ్లలో కండెలు చుడుతున్నారు. అరుగు మీద కూర్చుని చదివాను. పడుగు దగ్గరికి వచ్చేసరికి అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. నాయన ఒక్కడే చేసినట్టు రాశావంది. తర్వాత వీధికంతా వినపడేట్టు చెప్పింది.

"కుంచె రెండో కొన నా చేతిలోనే ఉండె. నేను గూడ ఇడిసిపెట్టలేదు. వదిన మందియ్యలేదు, ఆదోనికి పొమ్మనింది. అది గూడ రాయి."

రాట్నాలు ఒక్కొక్కటే ఆగాయి. చివరిదాకా చదివాను. కాసేపటికి ఎదురింట్లో రాట్నం మళ్లీ తిరగడం మొదలైంది, దాని వెనక మిగతావీ.