పూచీ బావ పునాదులు

బావకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. లోకంలో ఎవరికి ఏం జరిగినా అది తిరిగి తిరిగి తన మెడకే చుట్టుకుంటుందని ఆయన నమ్మకం. అందుకని "తర్వాత నా పూచీ లేదు" అని తగిలించందే ఆయన ఏ మాటా ముగించేవాడు కాదు. వీధిలో అందరికీ ఆయన పూచీగారు. బట్టలు కుట్టే దుకాణం నడిపే మరదలికి పూచీ బావ.

దారిన పోయేవాళ్ళు టైమడిగితే, "నా గడియారం ఇలా అంటోంది. బస్సు తప్పితే నా పూచీ లేదు" అనేవాడు. మరదలికి టీ ఇస్తూ, "వేడిగా ఉంది, నాలుక కాలితే..." అని మొదలుపెట్టగానే ఆవిడ, "నీ పూచీ లేదు, తెలుసు, ఇలా తే" అని గ్లాసు లాక్కునేది. ఒకసారి పక్కింటి ముసలాయన తుమ్మితే "నూరేళ్ళు బతకండి" అన్నాడు. కాసేపు ఆలోచించి, "బతక్కపోతే మాత్రం..." అన్నాడు. ఆ ముసలాయన నెల్లాళ్ళు పలకలేదు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ బావ బస్సు డ్రైవరు. వెనక సీట్లో ఎవరైనా దగ్గినా బ్రేకు వేసేవాడని పేరు. రిటైరయ్యాక బస్సు దిగాడు గానీ భయం దిగలేదు. దాన్నంతా తెచ్చి మరదలి దుకాణం ఎదురుగా ఉన్న తన ఖాళీ స్థలం మీద పెట్టాడు.

అక్కడ ఇల్లు కట్టుకోవాలని ఆయనా భార్యా ముచ్చటపడి పునాదులు తవ్వించారు. గోడలు మొదలుపెట్టకముందే ఆవిడ జబ్బుపడి కన్నుమూసింది. పునాది గుంటలు నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. అప్పుడొక లాయరు బావ చెవిన ఓ మాట వేశాడు. "కంచె దూరి వచ్చినవాడు పడ్డా జవాబు మీరే చెప్పుకోవాలండీ. గుంట ఉందని తెలిసి వదిలేసింది మీరు కదా!"

ఇంకేముంది! స్థలం చుట్టూ ముళ్ళకంచె లేచింది. "లోపలికి రావద్దు" అని బోర్డు వెలిసింది. మర్నాడు దాని పక్కనే, "చదువురానివాళ్ళు కూడా రావద్దు" అని ఇంకొకటి.

"చదువురానివాళ్ళకి ఇది ఎవరు చదివిపెడతారు బావా?"

"చదువొచ్చినవాళ్ళు. అది వాళ్ళ పూచీ."

ఆ తర్వాత "బోర్డులకు ఆనుకోవద్దు" అని మూడోది. దాన్ని పాతుతూ తనే రెండోదానికి ఆనుకుని వెల్లకిలా పడ్డాడు. లేచి, ఎవరిని నిలదీయాలో తోచక అటూ ఇటూ చూశాడు.

ఇంత చేసినా తెల్లారేసరికి కంచె తీగ ఒకచోట విడిపోయి ఉండేది. వెనక వీధిలో ఆసుపత్రి. బస్సు దిగిన ఆయమ్మలూ నర్సులూ చుట్టూ తిరిగి వెళితే సారా కొట్టు ముందు నానా మాటలూ పడాలి. అందుకని ఈ స్థలంలోంచి అడ్డంగా దాటేవారు. "మళ్ళీ ఎవడో తీగ తెంపాడు!" అని బావ వీధి అదిరేలా తిట్టేవాడు. "ఒకరి వెనక ఒకరు నడవండి! అంచుకి పోకండి!" అని వాళ్ళమీదా అరిచేవాడు.

"ఒక లారీ మట్టి పోయించెయ్యి, పీడా పోతుంది" అనేది మరదలు.

"చూద్దాంలే."

"ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నావు. ఏముంది ఆ గుంటల్లో?"

వెంటనే ఆయనకు పొయ్యి మీది పాలు గుర్తొచ్చేవి. ఉత్త మొండితనం అని ఆవిడ విసుక్కునేది. కానీ మిషను తొక్కుతూ తలెత్తితే తనకూ కనపడేవి ఆ గుంటలే. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, "ఇది వంటిల్లే. ఇక్కణ్ణించి కేకేస్తే నీకు వినపడాలి" అంటూ అక్క అక్కడ నిలబడ్డ రోజు కళ్ళముందు కదిలేది. ఇక ఎంతసేపటికీ సూదిలోకి దారం ఎక్కేది కాదు.

ఒక వానాకాలం సాయంత్రం ఆసుపత్రి ఆయమ్మ ఒకావిడ ఆ గుంటల్లో ఒకదాంట్లో పడింది. దాటడానికి వీలుగా గుంట మీద ఎవరో వేసిన చెక్క జారింది. కేక విని మరదలు పరుగెత్తేసరికి బావ అప్పటికే మోకాలి లోతు బురదలో దిగి ఆయమ్మను భుజాన ఎత్తుకుంటున్నాడు. ఇద్దరూ కలిసి ఆవిడను ఆసుపత్రికి చేర్చారు. చీలమండ విరిగింది.

"ఎలా పడ్డావమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఇంట్లో మెట్లు జారానండి" అంది ఆయమ్మ.

"మెట్లా? మీది రేకుల ఇల్లు. మెట్లెక్కడివి?" అని బావ విరుచుకుపడ్డాడు. "నా గుంటలో పడిందండీ. రాయండి. పూచీ నాదే."

"మీరూరుకోండి అన్నగారూ! మెట్లేనండి."

"గుంట!"

"మెట్లు!"

డాక్టరు కలం పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఆ చెక్క వేసింది నేనేనండీ" అన్నాడు బావ, గొంతు తగ్గించి. "రోజూ తీగ విప్పేదీ నేనే."

మరదలు నోరు తెరిచింది. "మరి రోజూ ఎవణ్ణి తిట్టేవాడివి?"

"ఎవణ్ణో ఒకణ్ణి తిట్టకపోతే నామీద అనుమానం రాదూ?"

ఆయమ్మ నొప్పిలోనే నవ్వింది. "పొద్దున్నే మేం దాటేదాకా అక్కడే నిలబడి ఉంటాడమ్మా. వానొస్తే గొడుగు పడతాడు. గొడుగు కింద కూడా తిడతాడనుకో."

తిరిగి వచ్చేటప్పుడు బావ వీధి మలుపులో ఆగి, "ముందే పూడ్చాల్సింది" అన్నాడు. "పూడిస్తే మీ అక్క గీసిన గదులు ఎక్కడివక్కడ పోతాయని..."

మరదలు ఆయన చేతిలోంచి గొడుగు తీసుకుని ఇద్దరికీ పట్టింది.

వాన వెలిశాక మట్టి లారీ వచ్చింది. గుంటలు పూడ్చి, మధ్యలోంచి ఆసుపత్రి దాకా రాళ్ళ దారి వేయించాలని అనుకున్నారు. లారీవాడు హారన్ కొడుతున్నా బావ కదల్లేదు.

"ఒక్కసారి ఇల్లంతా చూసొస్తాను" అన్నాడు.

మరదలు కూడా వెంట నడిచింది. ఆయన వంటింట్లో కాసేపు నిలబడ్డాడు. పడగ్గదిలో కిటికీ వైపు చూశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ తిన్నగా ఒక గుంట దాటేసి ముందు గదిలోకి వచ్చింది.

"అదేమిటి, గోడలోంచి వచ్చేస్తున్నావు?" అన్నాడు బావ. "తలుపు ఇటుంది."

ఆవిడ మళ్ళీ వెనక్కి వెళ్ళింది. చుట్టూ తిరిగి, తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.