హమూంగా తెచ్చిన సీసా

మోంజే ఊళ్లో మూత్రపరీక్షలు చేసే ముతింతా, ఎవరు సీసా ఇచ్చినా ముందు అరచేతిలో పట్టుకుని చూస్తుంది. అప్పుడే పోసినదైతే వెచ్చగా ఉంటుంది. డ్రైవరు ఉద్యోగం కోసం పరీక్షకు వచ్చిన హమూంగా సీసా చల్లగా ఉంది. అయినా ఆమె అందులో పరీక్ష స్ట్రిప్పు ముంచింది. పసుపు గడి ముదురాకుపచ్చగా మారింది.

“ప్రొటీన్ బాగా పోతోంది తమ్ముడూ. కిడ్నీలు దెబ్బతిన్నాయేమో. కాళ్లు వాస్తున్నాయా?”

“నాకైతే లేదక్కా.”

“మరి ఇదెవరిది?”

హమూంగా తల దించుకున్నాడు. “నాకు షుగరుందని తేలితే ఉద్యోగం ఇవ్వరు. అందుకే మా ఆవిడది తెచ్చాను. దాని కాళ్లే వాస్తున్నాయి.”

“నీ షుగరు తరవాత చూద్దాం. ముందు ఆమెను తీసుకురా.”

గంటలో అతను భార్యను సైకిలు మీద ఎక్కించుకుని వచ్చాడు. ఆమె కాళ్లకు అతని బూట్లున్నాయి. అతను వట్టికాళ్లతో తొక్కుకుంటూ వచ్చాడు.