అక్క కోసం తెచ్చిన కఫన్

మా గుత్తిలో ఖబరస్తానుకు తెరిపి లేని ఏళ్లు కొన్ని ఉండేవి. పోయినవాళ్లలో ఎక్కువమంది లారీ నడిపే వయసువాళ్లు, వాళ్ల భార్యలు. తెల్లగడ్డాల పెద్దలు వాళ్లను భుజాన మోసుకెళ్లేవాళ్లు. ఏం జబ్బని అడిగితే జ్వరమనేవాళ్లు. ఒక్క జ్వరం ఇన్ని ఇళ్లు తింటుందా అని నాకు ఒళ్లు మండేది. లారీ డ్రైవరైన మా బావ కూడా ఆ జ్వరంతోనే పోయాడు. ఎయిడ్స్ అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

తర్వాత అక్క మంచం పట్టింది. మావాళ్లలో వయసైనవాళ్లు తాము పోయాక ఒంటికి చుట్టే తెల్లటి కఫన్ బట్ట ముందే కొని పెట్టెలో దాచుకోవడం మామూలే. మా అమ్మ మాత్రం తనకు కాకుండా అక్కకు కొనింది. పరుపులు కుడుతున్న నాయన సూది కింద పెట్టాడు.

"పానముండే బిడ్డకు కఫన్ తెస్తావా?"

"అల్లుడు పోయినప్పుడు బట్టకు అంగళ్లెంట తిరిగితిమి. దీనికట్ల కాకూడదు," అంది అమ్మ.

అక్క పడుకునే అంతా వింది. "నాకు కొత్త బట్ట తెచ్చినారంట గదమ్మా. రంగు బాగుండాదా?" అంది. అమ్మ పెట్టె మూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అనంతపురం పెద్దాసుపత్రిలో మందులు ఊరికే ఇస్తున్నారని తెలిసి అక్కను తీసుకెళ్లాం. మాత్రలకు మొదట వాంతులయ్యాయి. కొన్నాళ్లకు, సంగటి ఆలస్యమైందని అక్క అమ్మను తిట్టింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

ఊళ్లోనూ అంతే. చిన్నవయసు చావులు తగ్గాయి. ఎవరూ దండోరా వేయలేదు. మళ్లీ ముసలివాళ్లే ముందు పోవడం మొదలైంది. పెద్దవాళ్లు పోతే జనం ఏడ్చి, టీ తాగి, ఇళ్లకు వెళ్తారు. ఆ మామూలు చావు కోసం మేమెంత మొక్కుకున్నామో మాకే తెలుసు.

ఈ ఎండాకాలం అమ్మ పోయింది. స్నానం చేయించే ఆడవాళ్లు బట్ట అడిగారు. ఇప్పుడు జుట్టు నెరిసిన మా అక్క, పెట్టె తెరిచి, ఎండిన వేపాకు దులిపి, ఆ బట్టే తీసింది.

"అది నీకోసం తెచ్చింది గదక్కా," అన్నాను.

"నాకింగా టైముండాదిలే. అమ్మకు బట్ట భయం కాదప్పా. నన్ను తన చేత్తో కడగాల్సొస్తాదేమోనని భయం."

అక్క కొంగు నడుముకు దోపుకుని, అమ్మకు స్నానం చేయించడానికి లోపలికి వెళ్లింది.