నేతిబీర పందిరి

మొన్న వాకిట్లో వెదురు దడికి తుమ్మెద తొలిచిన గుండ్రని కన్నం, దాని కింద రంపపు పొట్టు లాంటి పొడి కనిపించాయి. చిన్నప్పటి మా రాజురా ఇంటి పెరడు గుర్తుకొచ్చింది.

రాష్ట్రాల సరిహద్దులు మారి, రాజురా బొంబాయి రాష్ట్రంలో కలిసిన రోజులవి. కచేరీలో ఊరి పటేలైన మా బాపు మాట చెల్లడం మానేసింది. పనివాళ్లంతా వెళ్లిపోగా పోశక్క ఒక్కతే మిగిలింది. ఆ వానాకాలం నేతిబీరకు వెదురు పందిరి వేసింది ఆమే. నల్లని తుమ్మెదలు ఆ వెదుళ్లను తొలుస్తుంటే, పందిరిని కూల్చేస్తాయనుకున్నాను. మాకు మిగిలినదాన్నైనా కాపాడాలని, పొద్దుగూకి అవి లోపలికి దూరాక కన్నాలన్నీ తడి సున్నంతో పూడ్చేశాను. లోపల కాసేపు గుయ్‌మన్నాయి. ఎవరికీ చెప్పలేదు.

పందిరి నిండా పసుపుపచ్చని పూలు పూశాయి. కాయ మాత్రం ఒక్కటీ లేదు.

“పిందెలు ఏడికి పోతున్నయే? అంగట్ల అమ్ముకుంటున్నవా?” అంది బాపు తల్లి, మా బాపమ్మ.

“నేనెందుకు అమ్ముత దొరసానీ! ఎండి రాలుతున్నయి. ఈ యేడు తుమ్మెద ఒక్కటి సుత వస్తలేదు.” పోశక్క నా వైపు తిరిగింది. “చిన్న పటేలా, దినాం ఈడనే ఆడుకుంటవు గద. నేను తెంపంగ ఎన్నడన్న సూసినవా? చెప్పు బిడ్డా.”

పనిమనిషి తరఫున సాక్ష్యం చెప్పడం పటేలు కొడుక్కి తగదనుకున్నాను. నడుం నిటారుగా పెట్టి, పలకకుండా నిలబడ్డాను. పోశక్క కొంగు విప్పి దులిపి చూపించి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

తుమ్మెద వాలకపోతే పిందె నిలవదని చాలా ఏళ్లకు తెలుసుకున్నాను. ఆమె తెంపలేదని మాత్రం నాకు ఆ రోజే తెలుసు.